పదకొండు కోర్సుల్లో చేరాను, ఒక్కటీ పూర్తి కాలేదు

ప్రశ్న: నమస్తే సార్. మాది నరసన్నపేట దగ్గర పల్లె. సివిల్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, విజయనగరం వైపు ఒక కాలేజీలో బి.టెక్ రెండో సంవత్సరంలో చేరాను. డిప్లొమాలో నాకు మంచి మార్కులే వచ్చేవి. ఇక్కడ మూడో సెమిస్టర్ మ్యాథ్స్ పోయింది. సారు క్లాసులో "ఇది మీకు ఫస్టియర్‌లో చెప్పేశారు కదా" అని ముందుకెళ్లిపోతారు. నేను ఫస్టియర్ చదవలేదు కదా సార్! ఎన్‌పీటెల్, కోర్సెరా, యూట్యూబ్‌లో ఫ్రీ కోర్సులున్నాయని ఫ్రెండ్స్ చెబితే మొత్తం పదకొండింటిలో చేరాను. దేంట్లోనూ రెండో వారం దాటలేదు. ఇంగ్లిష్ కూడా ఇబ్బందే. ఫోన్ ఉంది, లాప్‌టాప్ లేదు. నాన్న వైజాగ్‌లో కోచింగ్‌కి పంపిస్తానంటున్నారు. వంశధార కాలువ కింద ఎకరన్నర పొలం మాది, ఆ డబ్బు అడగాలంటే మనసొప్పట్లేదు. ఫ్రీ కోర్సులతో ఇంజినీరింగ్ మ్యాథ్స్ నిజంగా వస్తుందా? ఆ సర్టిఫికెట్లకు విలువుంటుందా?
- ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: వస్తుందమ్మా. పదకొండింటితో మాత్రం రాదు. ఏ కోర్సయినా మొదటి వారం పాత పాఠాలే చెబుతారు, హాయిగా ఉంటుంది. రెండో వారంలో కొత్త విషయం మొదలై కష్టమనిపించగానే ఇంకో కోర్సు మంచిదేమో అనిపిస్తుంది. అలా పదకొండు సార్లు మొదటి వారమే చదివావు. సంతంతా తిరిగి ఖాళీ సంచితో ఇంటికొచ్చినట్టు అయింది నీ పని. ఆ కోర్సుల్లో లోపమేం లేదు. నీకు ఏది రాదో నీకే తెలియకుండా అన్నింట్లో చేరిపోయావు.

నీ ముందున్న పనులు రెండు. సప్లీ పాసవడం ఒకటి, మ్యాథ్స్ రావడం ఒకటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే నీకు సగం టెన్షన్. సప్లీ సంగతి చివర్లో చెబుతాను, అది చిన్నది.

మీ సారు అన్నదాంట్లో తప్పు లేదు, నీ బాధలోనూ తప్పు లేదు. డిప్లొమాలో నువ్వు డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, మ్యాట్రిసెస్ చదివావు. ఇంటర్ మీదుగా వచ్చినవాళ్లు బి.టెక్ మొదటి ఏడాది సాధారణంగా ఐగన్ వాల్యూస్, పార్షియల్ డెరివేటివ్స్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ చదువుతారు. లేటరల్‌గా వచ్చిన మీకు సరిగ్గా ఆ ఏడాదే లేదు. మూడో సెమిస్టర్ పాఠం నేరుగా దాని మీద మొదలవుతుంది.

నీ లోటు ఎక్కడుందో చూసుకోవడానికి ఫోన్ పక్కన పెట్టి, ఒక కాగితం మీద ఈ నాలుగూ చెయ్యి. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ ఇంటిగ్రేషన్. తర్వాత, 1 బై (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 3 ఎక్స్ ప్లస్ 2) ని పార్షియల్ ఫ్రాక్షన్లుగా విడగొట్టి ఇంటిగ్రేట్ చెయ్యడం. మూడోది, ఎక్స్ స్క్వేర్ వై ప్లస్ సైన్ ఎక్స్‌వై లో వై ని కదలకుండా ఉంచి ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చెయ్యడం. నాలుగోది, మొదటి వరుసలో 2, 1, రెండో వరుసలో 1, 2 ఉన్న మ్యాట్రిక్స్‌కి ఐగన్ వాల్యూస్ కట్టడం (3, 1 రావాలి). మొదటి రెండూ వచ్చి చివరి రెండూ రాకపోతే నీ లోటు ఆ పోయిన ఏడాదే. అది పూడ్చుకోవచ్చు. మొదటి రెండే రాకపోతే ఏ ఆన్‌లైన్ కోర్సూ వద్దు, ముందు డిప్లొమా మ్యాథ్స్ పుస్తకం మళ్లీ తియ్యి. ఇంటిగ్రేషన్ చేతికి రాకుండా లాప్లాస్ వీడియోలు చూసే పిల్లల్ని చాలామందిని చూశాను. నోట్సు అందంగా రాసుకుంటారు, లెక్క మాత్రం కదలదు.

ఇక ఏ కోర్సు? నీకైతే ఒక్కదాని పేరే చెబుతాను. హాంకాంగ్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో జెఫ్రీ చాస్నోవ్ అనే ప్రొఫెసర్ ఇంజినీర్ల కోసమే చేసిన పాఠాల వరుస ఉంది. మ్యాట్రిక్స్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాలిక్యులస్, న్యూమరికల్ మెథడ్స్ అని నాలుగు కోర్సులు. కోర్సెరాలో సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలి. పాఠాలు మాత్రం యూట్యూబ్‌లో ఉచితం, నోట్సు పీడీఎఫ్‌లూ ఉచితం. వీడియోలు చిన్నవి. పాఠం పాఠానికీ లెక్కలుంటాయి, వాటి సమాధానాలు నోట్సు చివర్లో ఉంటాయి. నిరూపణల జోలికి పెద్దగా పోకుండా, ఇంజినీరుకి ఎంత కావాలో అంతే చెబుతాడాయన. మ్యాథ్స్ డిగ్రీ చేసేవాళ్లకి అది చాలదు, నీకు చాలు. మొదట మ్యాట్రిక్స్, తర్వాత వెక్టర్ కాలిక్యులస్ (పార్షియల్ డెరివేటివ్స్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ అందులోనే వస్తాయి), ఆ తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. న్యూమరికల్ మెథడ్స్ చివర.

ఎన్‌పీటెల్ కూడా మంచిదే. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడుపుతున్నది. కాకపోతే దాని పాఠాలు నిడివి ఎక్కువ, బోర్డు నిండా నిరూపణలు, వారం వారం గడువులు. ఇప్పుడున్న లోటుతో అందులో చేరితే మళ్లీ రెండో వారంలోనే ఆగిపోతావు. ఆ పోయిన ఏడాది పూడ్చుకున్నాక వెళ్లు. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు కూడా ఉచితమే. నల్లబోర్డు, సుద్దముక్క, తొందరలేని మాట. సెలవుల్లో తీరిగ్గా చూడు, సప్లీ ముందు కాదు. యూట్యూబ్‌లో త్రీబ్లూవన్‌బ్రౌన్ అనే ఛానల్ బొమ్మల పాఠాలు ఉన్నాయి చూశావా, అవి చాలా బాగుంటాయి. అదే వాటితో చిక్కు. చూసినంతసేపూ అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే ఒక్క లైనూ రాదు. వారానికి ఒకటి చూసుకో, సినిమా లెక్కన.

ఏ కోర్సు తీసుకున్నా చదివే పద్ధతి ఒకటే. వీడియోలో లెక్క మొదలవగానే ఆపు. నీ నోట్సులో నువ్వు చెయ్యి. ఆగిపోయిన చోట మళ్లీ ప్లే నొక్కు, ఆ ఒక్క మెట్టు చూడు, మళ్లీ ఆపు. ఇలా చేస్తే పది నిమిషాల వీడియోకి గంట పడుతుంది. పట్టనీ. వీడియో అయిపోతే పాఠం అయిపోయినట్టు కాదు. నోట్సులో ఆ పాఠం కిందున్న లెక్కలు సమాధానం చూడకుండా వచ్చినప్పుడే అయినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. "అప్లయిడ్" మ్యాథ్స్, అంటే పనిలో వాడుకునే మ్యాథ్స్, అంటుంటారు. అది నీకు చూపించడానికి హాంకాంగ్ దాకా పోనక్కర్లేదు, మీ పొలానికి నీళ్లిచ్చే వంశధార ఎడమ కాలువ చాలు. గొట్టా బ్యారేజీ దగ్గర మొదలై మీ నరసన్నపేట మీదుగా టెక్కలి వైపు పోయే కాలువ అది. దాన్నుంచి విడిపోయే ఒక చిన్న పిల్లకాలువ అనుకో. అంకెలు నేను లెక్క కోసం కల్పిస్తున్నవే. వెడల్పు 3 మీటర్లు. పక్కలు నిటారుగా ఉన్నాయనుకుందాం, నిజం మట్టికాలువకి ఏటవాలు ఉంటుందని నీకూ తెలుసు. వాలు 2500 మీటర్లకు 1 మీటరు. మ్యానింగ్ గుణకం (కాలువ గరుకుతనాన్ని చెప్పే అంకె) 0.02.

మ్యానింగ్ సూత్రం నువ్వు డిప్లొమా హైడ్రాలిక్స్‌లోనే చదివావు. ప్రవాహం అంటే 1 బై మ్యానింగ్ గుణకం, ఇంటూ నీటి అడ్డుకోత వైశాల్యం, ఇంటూ హైడ్రాలిక్ రేడియస్ (ఆ వైశాల్యాన్ని తడిసిన చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది) పవర్ 2 బై 3, ఇంటూ వాలు వర్గమూలం. 2500 లో 1 కి వర్గమూలం 50 లో 1, అంటే 0.02. కింద 0.02, పైన 0.02, రెండూ కొట్టుకుపోతాయి. మిగిలింది వైశాల్యం ఇంటూ హైడ్రాలిక్ రేడియస్ పవర్ 2 బై 3, అంతే.

లోతు 1 మీటరు ఇచ్చి ప్రవాహం ఎంత అంటే నువ్వు క్షణంలో చేస్తావు. వైశాల్యం 3, తడిసిన చుట్టుకొలత 3 ప్లస్ 2, అంటే 5. హైడ్రాలిక్ రేడియస్ 0.6. జవాబు సెకనుకు 2.13 ఘనపు మీటర్లు. ఇది డిప్లొమా లెక్క.

ఇప్పుడు తిప్పి అడుగుతాను. ఆ కాలువలో సెకనుకు 3 ఘనపు మీటర్ల నీరు వదిలితే ఎంత లోతున పారుతుంది? గట్టు ఎంత ఎత్తు కట్టాలో తేల్చాలంటే ఇంజినీరుకి కావలసిన ప్రశ్న ఇదే. సూత్రం అదే, కానీ లోతు ఇప్పుడు వైశాల్యంలోనూ ఉంది, చుట్టుకొలతలోనూ ఉంది, పైగా 2 బై 3 పవర్ కింద ఉంది. దాన్ని ఒక పక్కకి లాగడానికి ప్రయత్నించు. రాదు. ఎవరికీ రాదు. ఇక్కడే న్యూమరికల్ మెథడ్స్ మొదలవుతుంది.

లోతు 1 పెడితే 2.13 వచ్చింది, తక్కువ. 1.5 పెట్టు, 3.71 వస్తుంది, ఎక్కువ. కాబట్టి జవాబు ఆ రెంటి మధ్య ఉంది. సగం, 1.25 పెడితే 2.90, ఇంకా కాస్త తక్కువ. 1.3 పెడితే 3.06, కాస్త ఎక్కువ. 1.28 దగ్గర సరిగ్గా 3 కి వచ్చి కూర్చుంటుంది. ఇలా ఎక్కువ తక్కువల మధ్య సగం సగం చేసుకుంటూ పోవడాన్నే సిలబస్‌లో బైసెక్షన్ మెథడ్ అంటారు. న్యూటన్ రాఫ్సన్ అంటే ఇదే వెతుకులాట, కాకపోతే ఏ వైపు ఎంత జరగాలో డెరివేటివ్ చెబుతుంది, అందుకని త్వరగా తేలుతుంది. పరీక్షలో నువ్వు దాన్ని అర్థం లేని సూత్రంలా బట్టీ పట్టావు కదూ? కాలువలో నీటిమట్టం అనుకుని ఒకసారి చెయ్యి, మళ్లీ బట్టీ పట్టక్కర్లేదు. నీ సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో సాల్వ్ బటన్ ఉంటే లోపల అది చేసే పని కూడా ఇలాంటిదే. వెడల్పు 2 మీటర్లకు తగ్గించి మళ్లీ చేసి చూడు. దాదాపు 1.97 రావాలి.

ఈ లెక్క చూశాక ఒక మాట చెప్పాలి. లేటరల్‌గా వచ్చిన మీకు రెగ్యులర్ పిల్లలకి లేని బలం ఇదే. మ్యానింగ్, బీము, లెవెలింగ్ మీరు ముందే చూశారు. వాళ్లకి మ్యాథ్స్ ముందొచ్చి ఇంజినీరింగ్ తర్వాతొస్తుంది, మీకు తిరగేసి వచ్చింది. కాబట్టి ప్రతి మ్యాథ్స్ పాఠానికీ "ఇది నా సబ్జెక్టులో ఎక్కడ తగులుతుంది" అని వెతుక్కో. బీము వంపు డిఫరెన్షియల్ ఈక్వేషన్. స్తంభం ఎంత బరువుకి వంగిపోతుందన్నది ఐగన్ వాల్యూ లెక్క.

ఫోరియర్ సిరీస్ ఎందుకని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. వచ్చే ఏడాది సాయిల్ మెకానిక్స్‌లో కన్సాలిడేషన్ చదువుతావు. తడి బంకమట్టి మీద కట్టడం బరువు పడితే లోపలి నీరు మెల్లమెల్లగా బయటికి పోతుంది, నేల కుంగుతుంది. 1920లలో కార్ల్ టెర్జాఘీ దానికి రాసిన సమీకరణం, ఫోరియర్ 1822 లో వేడి గురించి ప్రచురించిన పుస్తకంలోని సమీకరణమే. ఉష్ణోగ్రత ఉన్నచోట నీటి పీడనం వచ్చింది, అంతే తేడా. పరిష్కారం కూడా ఫోరియర్ సిరీసే. మట్టిపొర మందం రెట్టింపయితే కుంగడానికి పట్టే కాలం నాలుగు రెట్లవుతుందని అందులోంచే తెలుస్తుంది. చాస్నోవ్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చివర్లో వచ్చే డిఫ్యూజన్ ఈక్వేషన్ ఇదే, అక్కడికి చేరినప్పుడు గుర్తుపడతావు.

ప్రాబబిలిటీ కూడా వదలకు. నాగావళి మీద వంతెన కడుతూ "వందేళ్ల వరద"కి డిజైన్ చేశాం అంటే, వందేళ్లదాకా రాదని కాదు అర్థం. ఏ ఏడాదైనా 100 కి 1 వంతు అవకాశం ఉందని. 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం ఎంత? 0.99 ని 30 సార్లు గుణిస్తే 0.74. అంటే రాకపోవడానికి 74 శాతం, రావడానికి 26 శాతం. నాలుగింట ఒకటి కంటే ఎక్కువే.

ఇంగ్లిష్ గురించి అంత భయం వద్దు. మ్యాథ్స్ పాఠంలో వాడే ఇంగ్లిష్ తక్కువ, అదే మళ్లీ మళ్లీ వస్తుంది. సపోజ్, సచ్ దట్, విత్ రెస్పెక్ట్ టు, హెన్స్ లాంటివి ఓ పేజీ రాసుకుంటే సగం పాఠం విప్పుకుంటుంది. క్యాప్షన్లు పెట్టుకో, వేగం 0.75 కి తగ్గించుకో. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం కూడా ఇస్తోంది, చేరే ముందు ఆ కోర్సు పేజీలో చూడు. యూట్యూబ్‌లో తెలుగులో మ్యాథ్స్ చెప్పే ఛానళ్లు చాలానే ఉన్నాయి, సప్లీకి వాటిని వాడుకో. ఎక్కువ భాగం పరీక్ష లెక్కల మీదే నడుస్తాయి కాబట్టి అందుకు సరిగ్గా సరిపోతాయి.

ఫోన్ ఒక్కటే ఉందన్నావు, చాలు. హాస్టల్‌లో వైఫై ఉన్నప్పుడు వారానికి సరిపడా డౌన్‌లోడ్ చేసుకో. 480 క్వాలిటీ పెట్టు, అంతకంటే తక్కువైతే పవర్లు, సబ్‌స్క్రిప్టులు కనబడవు. నోట్సు పీడీఎఫ్ మాత్రం ఫోన్లో చదవకు. మ్యాట్రిక్స్ కోర్సు వరకు జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించి పిన్ను కొట్టించుకో. న్యూమరికల్ మెథడ్స్‌లో ఆయన మ్యాట్‌ల్యాబ్ వాడతాడు, అది కొనాల్సిన సాఫ్ట్‌వేర్. ఆక్టేవ్ అని ఉచితంగా వచ్చేది ఉంది, దాదాపు అదే భాష, కాలేజీ ల్యాబ్‌లో వేయించుకోవచ్చు.

సర్టిఫికెట్ విషయం. ఎన్‌పీటెల్ కోర్సు చదవడానికి రూపాయి ఖర్చుండదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు 1000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు సగం. పరీక్ష ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చుని రాసేది కాదు, కేంద్రానికి వెళ్లాలి. మార్కుల్లో 25 శాతం వారం వారం అసైన్‌మెంట్లకు, 75 శాతం ఆ పరీక్షకు. ఎన్‌పీటెల్ కోర్సులు స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద నడుస్తాయి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకూ స్వయంలో చదివి, ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుపుకోవడానికి వీలుంది. కానీ వీలుండటం వేరు, మీ కాలేజీ ఏ కోర్సుకి ఒప్పుకుంటుందన్నది వేరు. చేరకముందే డిపార్ట్‌మెంట్‌లో అడిగి, వీలైతే కాగితం మీద రాయించుకో. కోర్సు పూర్తయ్యాక "ఇది లిస్టులో లేదు" అనిపించుకోవద్దు.

ఉద్యోగానికా? సర్టిఫికెట్ ఒక్కటీ చూపిస్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. గేట్ (ఎం.టెక్ సీట్లకు రాసే జాతీయ పరీక్ష) రాస్తే మాత్రం ఈ చదువు నేరుగా మార్కులవుతుంది. సివిల్ పేపర్లో 100 కి దాదాపు 13 మార్కులు ఇంజినీరింగ్ మ్యాథ్స్‌వే. పాత పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. నాలుగో సంవత్సరం దాకా ఆగక్కర్లేదు, ఒక పాఠం అయ్యాక ఆ పాఠం మీద గేట్‌లో వచ్చిన ప్రశ్నలు నాలుగు చేసుకో.

ఇక సప్లీ. దానికి వైజాగ్ అక్కర్లేదు, హాంకాంగూ అక్కర్లేదు. మీ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు తీసుకుని యూనిట్ల వారీగా ప్రశ్నలు విడదియ్యి. అవే రకాలు తిరిగి తిరిగి వస్తుండటం నీకే కనబడుతుంది. నీకు అందుబాటులో ఉన్న యూనిట్లతో మొదలుపెట్టు. లాప్లాస్ డిప్లొమాలో తగిలే ఉంటుంది కాబట్టి అది సిలబస్‌లో ఉంటే ముందు అదే. పరీక్షకి నెల ముందు నుంచి కోర్సు పక్కన పెట్టెయ్యి, ఈ పేపర్ల మీదే కూర్చో. పరీక్షయ్యాక మళ్లీ కోర్సుకి వెళ్లు. మీ నాన్నగారితో "ఈ ఏడాది కోచింగ్ వద్దు నాన్నా, గేట్ రాయాలనుకుంటే ఫైనలియర్‌లో అడుగుతాను" అని సూటిగా చెప్పెయ్యి. నువ్వు అడగలేక ఊరుకుంటే ఆయన అప్పు చేసైనా పంపిస్తారు, మన తండ్రులు అలాంటివాళ్లే.

మీ సారు దగ్గరికి కూడా వెళ్లాలి. "సార్, నాకు మ్యాథ్స్ అర్థం కావట్లేదు" అంటే ఆయన మాత్రం ఏం చెబుతారు? నోట్సు తీసుకెళ్లి, "ఈ లెక్కలో ఈ లైను దాకా వచ్చాను సార్, ఇక్కడి నుంచి ఫస్టియర్ పాఠం కావాలి, నేను లేటరల్" అని చూపించు. ఆ ఒక్క లైను చెప్పడానికి ఏ మాస్టారికీ విసుగుండదు. మీ బ్రాంచిలో నీలాగే డిప్లొమా నుంచి వచ్చి, నీలాగే నోరు మెదపకుండా కూర్చున్నవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లలో ఇద్దర్నో ముగ్గుర్నో పట్టుకుని, నలుగురూ ఒకే కోర్సు, ఒకే పాఠం చదవండి. శనివారం మధ్యాహ్నం ఒక ఖాళీ క్లాస్‌రూమ్ కావాలని హెచ్‌ఓడీని అడగండి. మ్యాథ్స్ చేసుకోవడానికంటే కాదనరు.